మెట్ట పొలములలో అరుదైన వేటపక్షులు – బట్టమేక పిట్టను, నేల నెమలిని గుర్తించు విధానము



తెల్లవారుజామున పొలమునకు పోవు రైతునకు కనబడినన్ని పక్షులు పట్టణములో పుస్తకము ముందు పెట్టుకొని కూర్చున్న పండితునకు కనబడవు. కొర్రచేలో నుండి పూరేడు బుర్రున లేచుట, గట్టు మీది రేగుపొదలో కౌజు కూయుట, నాగలి వెంట కొంగలు, గోరువంకలు పురుగుల కొరకు నడచుట మీకు నిత్యానుభవమే. కాని మన మెట్ట భూములలో ఒకప్పుడు గుంపులుగా తిరిగి, నేడు దేశమంతట వెదకినను స్వేచ్ఛగా తిరుగునవి 150 ప్రాంతమున మాత్రమే మిగిలినవని అంచనా వేయబడిన పక్షి ఒకటి కలదు. అదియే బట్టమేక పిట్ట. దానికి చిన్న చుట్టము నేల నెమలి. ఈ రెండును పూర్వము వేటగాండ్రు మిక్కిలి కోరుకొన్న పక్షులు. ఈ రెండును పచ్చిక బీళ్ళలోను, వాని ప్రక్కనున్న మెట్ట చేలలోను బ్రతుకునవి. కనుక వానిని మొదట చూడగలిగినవాడు రైతే.

ఈ పక్షులను ఎట్లు గుర్తించవలెను? గుర్తించిన పిమ్మట ఏమి చేయవలెను? ఆ సంగతి పైకి చెప్పినందువలన రైతునకు ఏమైన నష్టము కలుగునా? ఈ మూడు ప్రశ్నలకు ఇందు సమాధానములు ఇవ్వబడినవి.

ఈ పక్షులు పొలములకు ఎందుకు వచ్చును?

బట్టమేక పిట్ట చెట్టు మీద వాలు పక్షి కాదు. నాలుగు దిక్కులను దూరముగా చూడగల బయలు ప్రదేశము, మోకాటి ఎత్తు మించని గడ్డి, అక్కడక్కడ రేగు, తంగేడు వంటి పొదలు దానికి కావలెను. ఇట్టి పచ్చిక బీడు ప్రక్కన వేరుశనగ, జొన్న, శనగ వంటి మెట్ట పైరులున్నచో మేత కొరకు వానిలోనికి వచ్చును. వరి, చెరకు వంటి నీటి పైరులు దానికి పనికిరావు.

దాని ఆహారములో ముఖ్యమైనవి మిడతలు, పెంకు పురుగులు, గొంగళి పురుగులు. తొండలను, చిన్న పాములను కూడ తినును. రేగుపండ్లు, వేరుశనగ గింజలు, శనగ ఆకులు, కాయలు కొంతవరకు తినుట నిజమే. కాని గుంపులుగా వాలి చేనును ఊడ్చు పక్షి కాదు. అది తిను గింజల కంటె తిను మిడతలే రైతునకు ఎక్కువ లెక్క.

మన రాష్ట్రములో ఈ పక్షికి పేరు తెచ్చిన తావు నంద్యాల జిల్లా మిడుతూరు మండలములోని రోళ్ళపాడు. ఆ ప్రాంతము అప్పుడు కర్నూలు జిల్లాలో నుండెను. అచ్చటి బీళ్ళలో ఈ పిట్టలు గుడ్లు పెట్టి పిల్లలను లేపుట 1980ల తొలినాళ్ళలో శాస్త్రజ్ఞుల దృష్టికి వచ్చెను. 1988లో సుమారు 1,500 ఎకరముల బీడు అభయారణ్యముగా ప్రకటింపబడెను. తరువాతి కాలములో చుట్టుపట్ల బీళ్ళు సాగులోనికి వచ్చెను. కాలువ నీటితో పంటల తీరు మారెను. పిట్టలు క్రమముగా తగ్గిపోయెను. ఇప్పుడు అచ్చట బట్టమేక కనబడుట అతి అరుదు. అయినను కర్ణాటకలో బళ్ళారి జిల్లా సిరుగుప్ప ప్రాంతపు మెట్ట పొలములలో ఇటీవలి సంవత్సరములలో కూడ కొద్ది పిట్టలు కనబడినవి. మన ఆదోని, ఆలూరు పొలములకు అది దూరము కాదు. దూరములు తిరుగుట ఈ పక్షికి అలవాటు. కనుక ఒక పిట్ట మీ చేలో దిగుట అసంభవమని తలపరాదు.

బట్టమేక పిట్ట ఆనవాళ్ళు

1. పరిమాణము: నిలుచున్నప్పుడు ఎత్తు సుమారు ఒక మీటరు, అనగా మూడడుగులకు పైన. పెద్ద మగపిట్ట 15 కిలోల వరకు తూగును. ఆడుది అందులో సగమునకు తక్కువ. ఎగురగల పక్షులలో ఇంత బరువైనవి ప్రపంచములోనే కొద్ది.

2. తల, మెడ: నడినెత్తి నల్లగా టోపీ పెట్టినట్లుండును. మగదాని మెడ తెల్లగా, పొడవుగా దూరమునుండియే కనబడును. ఆడుదాని మెడ బూడిద చాయ కలిసి కొంత మాసినట్లుండును.

3. రొమ్ము: మగదాని రొమ్మునకు అడ్డముగా నల్లని పట్టీ ఉండును. ఆడుదానికి ఆ పట్టీ తెగి తెగి యుండును, లేదా కనబడనే కనబడదు.

4. వీపు: ఇసుక వంటి గోధుమ రంగు. అందువలన ఎండిన గడ్డిలో కూర్చున్నచో పదిగజముల దూరమునను పోల్చుట కష్టము.

5. కాళ్ళు: పొడవుగా, దృఢముగా ఉండును. వేళ్ళు మూడే, మూడును ముందునకే ఉండును. వెనుక వ్రేలు లేదు. అందుచేతనే ఇది కొమ్మను పట్టుకొనలేదు, చెట్టెక్కదు.

6. నడక: తల నిక్కించి, ఒక్కొక్క అడుగు కొలిచి వేసినట్లు నడచును. మనిషిని చూచిన వెంటనే ఎగురదు. మొదట మెల్లగా ప్రక్కకు తొలగి దూరముగా నడచిపోవును. ఇంకను దగ్గరకు పోయినచో అప్పుడే రెక్కలు విప్పును.

7. జతకట్టు కాలపు చేష్ట: మగపిట్ట మిట్టనెక్కి, తోకను వీపు మీదికి ఎత్తి, మెడ క్రింది సంచిని గాలితో ఉబ్బించి వ్రేలాడదీయును. లోతైన గొంతుతో అది చేయు ధ్వని ప్రశాంతమైన ఉదయమున అర కిలోమీటరు దూరమునకు వినబడును.

వేనిని చూచి పొరపడుదురు?

ఆడ నెమలిని చూచి బట్టమేక యని చెప్పువారు అనేకులు. ఆడ నెమలికి నెత్తిమీద విసనకర్ర వంటి కుచ్చు ఉండును, మెడలో ఆకుపచ్చని మెరుపు ఉండును, రాత్రికి చెట్టెక్కును. బట్టమేకకు మెరుపు లేదు. చెట్టు మీద చూచితిని అన్నచో అది బట్టమేక కానే కాదు.

చలికాలమున శనగ చేలలో దిగు కరకరా కొంగలు కూడ పొడుగు మెడ గలవియే. అవి గుంపులుగా వచ్చును, అరుచుకొనుచు ఎగురును. ఎగురునప్పుడు వాని కాళ్ళు తోకను దాటి వెనుకకు చాగి యుండును. బట్టమేక ఎగురునప్పుడు మెడ ముందునకు చాచును గాని కాళ్ళు తోకను దాటి కనబడవు. అది వెడల్పైన రెక్కలను నిదానముగా, బరువుగా కొట్టుచు, నేలకు ఎక్కువ ఎత్తు లేకుండ పోవును.

పిట్ట పోయిన తరువాత కూడ ఒక సాక్ష్యము మిగులును. మెత్తని దున్నిన నేలలో అడుగుజాడ చూడుడు. మూడు లావైన వేళ్ళ గుర్తులే ఉండి, వెనుక వ్రేలి గుర్తు లేకున్నచో బట్టమేకదని అనుమానించవచ్చును. నెమలి జాడలో వెనుక వ్రేలి మొన సాధారణముగా పడును.

నేల నెమలి

ఇది పేరునకు నెమలియే గాని నెమలి జాతి కాదు. బట్టమేక జాతికి చేరినది. కోడిపెట్టంత పక్షి, బరువు కిలోకు లోపే. విచిత్రమేమనగా ఇందులో ఆడుది మగదానికంటె కొంచెము పెద్దది. ఆడుది ఎల్లప్పుడును గోధుమ రంగు మీద నల్లని చారలు కలిగి యుండును. వానకాలమున మగదాని తల, మెడ, పొట్ట నల్లబడును. రెక్కలలో తెల్లని మచ్చ కనబడును. తల వెనుక ఇరుప్రక్కల రిబ్బను వంటి సన్నని ఈకలు పొడుచుకొని వచ్చును.

దీనిని గుర్తించుటకు అన్నిటికంటె సులభమైన గురుతు దాని ఎగురుడు. మగపిట్ట గడ్డిలో నిలుచున్న చోటనే మనిషి ఎత్తున నిలువునకు ఎగిరి, రెక్కలు గబగబ కొట్టి, తిరిగి అచ్చటనే దిగును. ఆ సమయమున కప్ప బెకబెక వంటి చప్పుడు వినవచ్చును. ఉదయము, సాయంకాలము ఇట్లు మాటిమాటికి ఎగురుచుండును. ఒక్క రోజులో కొన్ని వందల మార్లు ఎగురుట కలదు. జొన్నచేలో పూరేడో, కౌజో లేచినచో ముందునకు ఎగిరిపోవును గాని లేచిన చోటనే దిగదు. ఈ భేదము జ్ఞాపకముంచుకొనవలెను.

నేల నెమలి ముఖ్యముగా గుజరాతు, రాజస్థానము, మధ్యప్రదేశము, మహారాష్ట్రలలో వానకాలమున గుడ్లు పెట్టును. రాజస్థానములో అజ్మీరు ప్రాంతమున పెసర, జొన్న చేలలోనే కాపురముండుట కలదు. రోళ్ళపాడు బీళ్ళకు కూడ ఇది వానకాలమున వచ్చుచుండెడిది. వానలు తీరిన పిమ్మట దక్షిణపు మైదానములకు చెదరిపోవును. కావున మన ప్రాంతమున చలికాలములో కూడ కనబడు అవకాశము కలదు.

చూచు వేళ, చూచు పద్ధతి

సూర్యోదయమునకు ముందునుండి రెండు మూడు గంటలు, తిరిగి సాయంకాలము చల్లబడిన పిమ్మట ఈ పక్షులు మేతకు బయలుదేరును. ఎండ వేళ పొద నీడన కదలక కూర్చుండును. మృగశిర కార్తె మొదలు హస్త కార్తె వరకు ప్రత్యేకముగా గమనించవలెను. పంట కోసిన తరువాత మోళ్ళలో మిడతల కొరకు తిరుగుట కూడ కలదు.

కాలినడకన వచ్చు మనిషిని చూచి బట్టమేక తొందరగా బెదరును. ఎడ్లబండిని, మేయు పసువులను చూచి అంతగా బెదరదు. పూర్వపు వేటగాండ్రు ఈ కిటుకు తెలిసియే బండి చాటున దగ్గరకు పోయి కాల్చెడివారు. అదే తెలివిని మీరు మంచికి వాడవచ్చును. పిట్ట కనబడినచో ఉన్నచోటనే ఆగుడు. లేదా చేయుచున్న పనిని మామూలుగా సాగించుడు. నేరుగా దానివైపు నడువరాదు, కేకలు వేయరాదు, కుక్కను వదలరాదు. ఫోనుతో ఫోటో తీయదలచినచో దూరమునుండియే తీయవలెను. ఫోటో బాగుండుట కంటె పిట్ట బెదరకుండుట ముఖ్యము.

గుడ్డు కనబడినచో

ఇది మిక్కిలి శ్రద్ధగా చదువదగిన భాగము. బట్టమేక గూడు కట్టదు. వట్టి నేలమీద కొద్దిపాటి పల్లములో సాధారణముగా ఒక్కటే గుడ్డు పెట్టును. ఆ గుడ్డు మట్టిలో కలిసిపోవు మాసిన చాయలో, ముదురు మచ్చలతో ఉండును. ఆడపిట్ట ఒక్కటియే సుమారు 27 దినములు పొదుగును. పిల్లను పెంచు భారము కూడ దానిదే. మగపిట్ట ఏమియు సాయపడదు. కోడి వలె పది, పండ్రెండు గుడ్లు పెట్టు పక్షి కాదు. ఆ ఒక్క గుడ్డు గుంటక క్రింద నలిగినచో, కుక్క నోట పడినచో చాలవరకు ఆ తల్లికి ఆ సంవత్సరపు సంతానము పోయినట్లే.

కావున అంతరకృషి చేయునప్పుడు పెద్ద పిట్ట ఒకటి ఒకే చోటనుండి పలుమార్లు లేచి, సమీపమునే తచ్చాడుచున్నచో బండిని గాని, ట్రాక్టరును గాని అచ్చట ఆపవలెను. గుడ్డును ముట్టుకొనరాదు, చోటు మార్చరాదు, కోడి క్రింద పొదిగింప ప్రయత్నింపరాదు. గుడ్డునకు నాలుగు ప్రక్కల 20, 30 గజముల నేలను దున్నక, మందు చల్లక విడువవలెను. గుర్తు కొరకు కర్ర పాతినచో కాకులకు, కుర్రవాండ్రకు తామే దారి చూపినట్లగును. గట్టున ఉన్న రాయినో, చెట్టునో గుర్తుగా పెట్టుకొనుట మేలు. తల్లి తిరిగి వచ్చుటకు వీలుగా వెంటనే దూరముగా తొలగవలెను. అదే దినమున అటవీ శాఖవారికి తెలుపవలెను. నేల నెమలి మూడు, నాలుగు గుడ్లు పెట్టి సుమారు 21 దినములు పొదుగును. దానికి కూడ ఈ జాగ్రత్తలే వర్తించును.

ఈ పక్షులు ఎందుకు తగ్గినవి?

పూర్వము తుపాకి వేట, తరువాత జీపుల మీది వేట చాల నష్టము చేసెను. వేట తగ్గిన పిమ్మట బీళ్ళు తరిగిపోయెను. ఎవరికిని పనికిరాని భూమి యని తలచి పచ్చిక బీళ్ళను దున్నిరి, చెట్లు నాటిరి, పరిశ్రమలకు ఇచ్చిరి. పురుగుమందుల వలన మిడతలు తగ్గి పిల్లలకు మేత కరవయ్యెను. ఊరకుక్కలు గుడ్లను, పిల్లలను తినుచున్నవి.

ఇటీవల పెద్ద ప్రమాదము విద్యుత్ తీగలు. బట్టమేక కన్నులు తలకు ప్రక్కల ఉండుటవలన ఎదుటనున్న సన్నని తీగ దానికి సరిగా కనబడదు. కనబడిన క్షణమున అంత బరువైన దేహమును ప్రక్కకు తిప్పుకొనలేదు. రాజస్థానములో మిగిలిన పిట్టలకు కూడ ఇదియే ముప్పు. అచ్చట జైసల్మేరు జిల్లాలో 2019 నుండి గుడ్లను సేకరించి, యంత్రములలో పొదిగించి, పిల్లలను పెంచుచున్నారు. ఆ పిల్లలు పెరిగి బయటికి పోవలసిన నాడు వానికి తిరుగ చోటు కావలెను గదా! ఆ చోటు బీళ్ళు, మెట్ట చేలు తప్ప మరొకటి కాదు.

రైతుల శంకలకు సమాధానము

‘‘పిట్ట ఉన్నదని చెప్పినచో మా పొలము అడవిశాఖవారు తీసికొందురేమో’’ అని కొందరు భయపడుదురు. ఈ భయము ఊరక పుట్టినది కాదు. మధ్యప్రదేశములోని కరేరాలో 1981లో బట్టమేక కొరకు అభయారణ్యము ప్రకటించునప్పుడు రైతుల సొంత భూములు కూడ దానిలో చేరెను. భూములను అమ్ముకొనుటకు ఆటంకములు కలిగి జనులు విసిగిపోయిరి. తుదకు పిట్టయు అచ్చటినుండి మాయమయ్యెను. రోళ్ళపాడులో రక్షణ వలన కృష్ణజింకలు పెరిగి చుట్టుప్రక్కల పైరులను మేసెను. పిట్ట కొరకు చేసిన యేర్పాటు జింక వలన కష్టముగా మారెనని రైతులు నొచ్చుకొనిరి. రైతు మనసు విరిగినచో పక్షి బ్రతుకదని ఈ రెండు తావులును నేర్పుచున్నవి.

అయితే ఒక విషయము స్పష్టముగా తెలిసికొనవలెను. మీ పొలములో పక్షి కనబడినంత మాత్రమున పొలము మీద మీ హక్కు పోదు. అభయారణ్యము ప్రకటించుటకు చట్టములో వేరు పద్ధతి కలదు. అందు హక్కుల విచారణ జరుపవలెను. మీరు తెలుపు సమాచారము అట్టి ప్రకటన కాదు. జింకలు, పందులు పైరును పాడుచేసినచో దానికి పరిహారము కోరుట వేరు విషయము. పంట నష్టమును వెంటనే ఫోటోలతో తెలిపి దరఖాస్తు ఇచ్చుకొనవలెను.

మరియొక శంక చట్టమును గూర్చినది. వన్యప్రాణి సంరక్షణ చట్టము, 1972 ప్రకారము ఈ రెండు పక్షులును మొదటి షెడ్యూలులో ఉన్నవి. వీనిని చంపినను, పట్టినను మూడు నుండి ఏడు సంవత్సరముల వరకు జైలుశిక్ష కలదు. కౌజులను, పూరేళ్ళను వలలు వేసి పట్టుట కూడ నేరమే. వలలు చిన్న పిట్టలకే వేసితిమని చెప్పినను, వానిలో నేల నెమలి కూడ చిక్కవచ్చును. మీ పొలములో ఎవరైన వలలు పన్నినచో తీసివేయించుట మంచిది.

వ్రాసికొనవలసిన వివరములు

పిట్ట కనబడినప్పుడు జ్ఞాపకము మీద ఆధారపడక ఈ క్రింది వివరములు ఆ దినముననే వ్రాసికొనవలెను.

(అ) తేది, వేళ.
(ఆ) గ్రామము, పొలము పేరు లేదా సర్వే నెంబరు.
(ఇ) ఆ చేలో ఉన్న పైరు, లేదా బీడా, మోడా అను సంగతి.
(ఈ) ఎన్ని పిట్టలు, మెడ రంగు, రొమ్ము పట్టీ ఉన్నదా లేదా.
(ఉ) ఏమి చేయుచుండెను: మేయుచుండెనా, ఎగురుచుండెనా, ఒకే చోట కూర్చుండెనా.
(ఊ) ఏ దిక్కునకు పోయెను.
(ఋ) అడుగుజాడ, రాలిన ఈక ఏమైన కనబడెనా. ఈకను చూచి అచ్చటనే విడువవలెను.

ఈ వివరములను మీ ప్రాంతపు బీటు ఆఫీసరునకు గాని, రేంజి కార్యాలయమునకు గాని తెలుపవలెను. వారు తెలియనిచో మీ గ్రామ వ్యవసాయ సహాయకుని ద్వారా తెలుపవచ్చును. తీగల క్రింద చచ్చిన పెద్ద పిట్ట కనబడినను ఇట్లే తెలుపవలెను, దానిని ముట్టరాదు. గుడ్డు ఉన్న చోటును మాత్రము వాట్సాపు గుంపులలో పెట్టరాదు. చూడవచ్చువారి కాళ్ళ సందడియే తల్లిని తరిమివేయును.

గ్రామస్థుని కంటి విలువ

ఒక గ్రామస్థుడు చూచి చెప్పినంతలో ఏమగునని తలపవద్దు. కడప ప్రాంతపు కలివికోడి 1900 తరువాత ఎవరికిని కనబడక, ఇక లేదని లోకము నమ్మిన పక్షి. బొంబాయి నుండి వచ్చిన శాస్త్రజ్ఞులు దాని బొమ్మను ఊరూర చూపి విచారింపగా, 1986 జనవరిలో రెడ్డిపల్లె ప్రాంతపు గ్రామస్థుడొకడు రాత్రివేళ పొదలలో దానిని కనిపెట్టి పట్టుకొనెను. ఎనుబదియారు సంవత్సరములుగా పండితులు వెదకిన పక్షి ఆ ఊరివాని కంటికి క్రొత్తది కాదు. అడుగువారు లేక అతడు చెప్పలేదు, అంతియే.

ఇప్పుడు మిమ్ములను అడుగుచున్నాము. మీ ఊరిలో పెద్దవారిని కూర్చుండబెట్టి, బట్టమేకను ఎప్పుడు, ఏ మిట్టమీద చూచిరో విచారించుడు. బడిపిల్లలకు దాని ఆనవాళ్ళు చెప్పుడు. ఊరుమ్మడి బీడు మిగిలియున్నచో, వానకాలపు ఆ నాలుగు నెలలు దానిలో కుక్కలు, వలలు లేకుండ చూచుడు. రేపు ఉదయము చేనికి పోవునప్పుడు గట్టు మీద ఒక్క నిమిషము నిలిచి నాలుగు దిక్కులు పారజూడుడు. దూరమున నల్లని టోపీతో, తెల్లని మెడతో మూడడుగుల పిట్ట ఒకటి నిలిచియున్నచో, దానిని బెదరింపక వెనుకకు మరలుడు. ఆ దినమున మీరు దానికి చేయదగిన మేలు అంతకు మించి లేదు.